డీజిల్ పికప్‌కి బైపాస్ ఆయిల్ ఫిల్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా పికప్‌కి బైపాస్ ఫిల్టర్, అంటే కంపెనీ ఆయిల్ ఫిల్టర్‌కి తోడుగా పెట్టే రెండో ఫిల్టర్, బిగించి నాలుగేళ్లయింది, లక్ష కిలోమీటర్లు దాటింది. ఆయిల్ మార్చి ఫిల్టర్ బిగించిన వారానికే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మళ్లీ నల్లగానే ఉంది. డబ్బు వృథా చేశానేమోనని చాలా బాధపడ్డాను. కొనాలనుకునేవాళ్లకి అందుకే ముందు ఈ మాట చెబుతాను: రంగు చూసి కంగారు పడకండి. డీజిల్ మసి రేణువు విడిగా ఒక మైక్రాన్ కంటే చాలా చిన్నది, చాలావరకు ఏ ఫిల్టర్‌కీ చిక్కదు. రేణువులు అతుక్కుని ముద్దకట్టినప్పుడు, వాటితోపాటు సన్నటి లోహపు పొడి, దుమ్ము ఉన్నప్పుడు దీని పనితనం తెలుస్తుంది. ఇంజిన్‌ని అరగదీసేవి అవే.

కంపెనీ ఫిల్టర్ ఉండగా ఇంకోటి ఎందుకంటే, బేరింగులకి వెళ్లే ఆయిలంతా ఆ ఫిల్టర్‌లోంచే పోవాలి. జల్లెడ మరీ సన్నదైతే చలికి చిక్కబడ్డ ఆయిల్ దాటలేదు. బైపాస్‌కి ఆ తొందర లేదు. ఆయిల్‌లో సుమారు పదో వంతు సన్నటి రంధ్రం గుండా ఇందులోకి వచ్చి, నిదానంగా వడకట్టుకుని, తిరిగి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పడుతుంది.

బిగించడం ఒక పూట పని. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర T ఆకారపు జాయింట్ పెట్టి ఆయిల్ తీసుకున్నాను, ఆయిల్ పోసే మూత ద్వారా తిరిగి పంపాను. సంప్‌కి రంధ్రం వేయడం నాకు ఇష్టం లేదు. థ్రెడ్‌లకి తెల్ల టేపు మాత్రం చుట్టకండి. ముక్క తెగి లోపలికి పోతే ఆ సన్న రంధ్రం మూసుకుపోతుంది; లిక్విడ్ సీలెంట్ మేలు. ఫిల్టర్ నిండగానే ఆయిల్ మట్టం తగ్గుతుంది, నా బండికి దాదాపు లీటరు అదనంగా పట్టింది. పావుగంట నడిపాక ఫిల్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంజిన్ కాగుతున్నా డబ్బా చల్లగానే ఉంటే ఆయిల్ తిరగడం లేదన్నమాట.

రెండో ఏడాది ఒక పొద్దున బండి తీస్తే నేల మీద అరచేయంత మరక. బానెట్ ఎత్తి చూస్తే ఫిల్టర్‌కి ఆయిల్ తీసుకెళ్లే హోస్ బ్యాటరీ ట్రే అంచుకి రాసుకుని, రబ్బరు అరిగి, లోపలి దారపు అల్లిక బయటపడింది. పోగుల కొసల్లో ఆయిల్ చుక్కలు వేలాడుతున్నాయి. గుండె ఝల్లుమంది. అందులో ప్రెషర్‌తో ఉన్న ఆయిల్ కదా, దారిలో పగిలితే కాసేపట్లోనే సంప్ ఖాళీ అయి ఇంజిన్ సీజ్ అయిపోయేది. తప్పు నాదే. బిగించినప్పుడు వేలెడు సందు ఉంది, చాలనుకున్నాను. కానీ ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడూ, బరువు లాగేటప్పుడూ పక్కకి ఊగుతుంది. ఆ ఊపుని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు హైడ్రాలిక్ హోస్ వేసి, మీద తొడుగు తొడిగి, రెండు చోట్ల క్లాంప్ కొట్టాను. నెలకోసారి పొడవంతా చేత్తో తడిమి చూస్తాను.

ఇక లాభం సంగతి. బిగించకముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకీ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపుతున్నాను. ఐరన్, మసి రెండూ స్పష్టంగా తగ్గాయి. దాంతో ఆయిల్ మార్చే దూరం ఒకటిన్నర రెట్లు చేశాను, అంతకు మించి ధైర్యం చేయలేదు. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ని ఇది తీయలేదు, ఖర్చయిపోయిన అడిటివ్‌లని (ఆయిల్‌లో కలిపి ఉండే రసాయనాలని) తిరిగి తేలేదు. ఒకసారి శాంపిల్‌లో టీబీఎన్ (ఆమ్లాలని విరిచే ఆయిల్ శక్తికి కొలత) బాగా పడిపోయిందని తెలిసి, ముందుగానే మార్చేశాను. టెస్ట్ చేయించే ఓపిక లేనివాళ్లు మామూలు గడువుకే ఆయిల్ మార్చుకోవడం క్షేమం. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే బండికైతే దీన్ని నేను సిఫారసు చేయను.

మొన్న ఫిల్టర్ లోపలి ఎలిమెంట్ (వడకట్టే భాగం) మార్చినప్పుడు పాతదాన్ని కోసి చూశాను. పై పొర మీద తారులాంటి మడ్డి, వేళ్ల మధ్య రుద్దితే సన్నగా గరగర. కొత్త ఎలిమెంట్ వేస్తూ, ఎక్కడా అరగకపోయినా హోస్‌ని కూడా మార్చేశాను.