తెనాలిలో కూర్చుని బెజవాడ సిస్టమ్ నడిపిన ఐదేళ్లు

2020 వేసవి లాక్‌డౌన్‌లో ఆఫీసులోని నా సిస్టమ్‌కి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నాను, అంటే ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే ఆ సిస్టమ్ స్క్రీన్ చూస్తూ దాన్ని నడపడం. నాది అకౌంట్స్ పని. ట్యాలీ డేటా అంతా బెజవాడ ఆఫీసులో ఉంటుంది, నేనుండేది తెనాలిలో. రెండు నెలల ముచ్చటే అనుకున్నాను కానీ, ఐదేళ్లు దాటినా వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని నడుస్తోంది.

రిమోట్ డెస్క్‌టాప్ విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ ప్రో ఉండి తీరాలి. హోమ్ ఎడిషన్ ఉన్న సిస్టమ్‌లోకి బయటి నుంచి ఇలా వెళ్లలేం. మన చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌లో హోమ్ ఉన్నా పర్వాలేదు, నాదీ అదే.

నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇంట్లో కరెంటు పోయి నెట్ ఆగిపోయినా అక్కడ పని చెడదు. సగం కొట్టిన వోచరు సగంలోనే నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయితే కర్సరు ఆగిన చోటే కనిపిస్తుంది. ట్యాలీ లాంటి అక్షరాల స్క్రీన్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా చక్కగా కదులుతాయి. వీడియోలు చూద్దామంటే మాత్రం కుదరదు, నాకు ఆ అవసరమూ రాలేదు.

ఇక తిప్పలు. కనెక్ట్ కాకపోతే అది ఎప్పుడూ ఒకటే మెసేజ్ ఇస్తుంది: రిమోట్ ఆన్ చేసి లేకపోవచ్చు, సిస్టమ్ ఆఫ్‌లో ఉండొచ్చు, నెట్‌వర్క్‌లో దొరకకపోవచ్చు. ఒళ్లు వెచ్చబడిందని వెళ్తే "జలుబైనా కావచ్చు, మలేరియా అయినా కావచ్చు" అని పంపించే డాక్టరులా ఉంటుంది వ్యవహారం. నా అనుభవంలో మొదటి కారణం ఒక్కసారే తగిలింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోతోందని ఆఫీసులో విండోస్ 11 కొత్తగా ఎక్కించారు. కొత్తగా ఎక్కిస్తే రిమోట్ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంటుంది, ఆ సంగతి అందరం మరిచిపోయాం.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చింది రెండోది. మొదట్లో మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి సిస్టమ్ నిద్రలోకి జారుకునేది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని 'నెవర్' చేశాక ఆ గొడవ తీరింది. తర్వాత కరెంటు కోతలు. యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే సిస్టమ్ ఆగిపోతుంది, కరెంటు వచ్చినా దానంతట అది లేవదు. ఏడాది పాటు వాచ్‌మన్‌కి ఫోన్ చేసేదాన్ని. "బాబాయ్, కాస్త పైకెళ్లి నా టేబుల్ కింద డబ్బా బటన్ నొక్కవా" అంటే, "నొక్కానమ్మా, లైటు వెలిగింది" అనేవాడు. ఓసారి పక్క టేబుల్ డబ్బా నొక్కి ఉన్నదాన్ని ఆపేశాడు కూడా. చివరికి బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగ్స్‌లో, కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందని తెలిసింది. ఏసీ పవర్ లాస్ అనే మాట పక్కన ఉంటుంది. అది మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. అయినా పండక్కి బాబాయ్‌కి స్వీటు బాక్సు మానలేదు.

నన్ను పది రోజులు ఏడిపించింది మాత్రం ఇంట్లో నెట్ కంపెనీ మార్చినప్పుడు. కొత్త రూటర్ వచ్చింది, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా దారి వేసే వీపీఎన్ పచ్చగా కనెక్ట్ అయిందంటోంది, సిస్టమ్ మాత్రం దొరకదు. ఆఫీసులో వెళ్లి చూస్తే అంతా బాగానే ఉంది. ఒకటే టెన్షన్. తీరా చూస్తే కొత్త రూటర్ నంబర్లు, ఆఫీసు రూటర్ నంబర్లు ఒకటే: రెండు చోట్లా 192.168.1 వరస. ఆఫీసు సిస్టమ్ నంబరు కొట్టగానే, అది ఈ ఇంట్లోదే అనుకుని నా ల్యాప్‌టాప్ ఇల్లంతా వెతుక్కుంటోంది, వీపీఎన్ వైపు చూడనే చూడట్లేదు. ఇంటి రూటర్‌లో వరసని 192.168.50కి మార్చాను, మొదటి క్లిక్‌కే వచ్చింది. వీపీఎన్ బాగున్నా సిస్టమ్ దొరకడం లేదంటే ముందు ఈ నంబర్లే చూడండి. ఆఫీసు రూటర్‌లో మీ సిస్టమ్‌కి ఒకే నంబరు రిజర్వ్ చేయించుకోండి, లేకపోతే ఏదో ఒక రోజు మారి కూర్చుంటుంది.

సిస్టమ్ పలుకుతోందా అని చూసే పింగ్ కమాండుని నమ్మి కూడా మోసపోయాను. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకపోవడం మామూలే, సిస్టమ్ చచ్చిపోయినట్టు కాదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుతో, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (నెట్‌వర్క్ తలుపు లాంటిది) చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ 'ట్రూ' వస్తే దారి బాగున్నట్టే, తేడా లాగిన్‌లోనే. నాకు ఆ తేడా ఏంటంటే, ఆఫీసులో రోజూ నాలుగంకెల పిన్ కొట్టి కొట్టి అసలు పాస్‌వర్డ్ మరిచిపోయాను. రిమోట్‌లో ఆ పిన్ చెల్లదు, పాస్‌వర్డే అడుగుతుంది.

వీపీఎన్ నెమ్మదిగా ఉందని గొణిగితే, నెట్ పని చేసే కుర్రాడు ఆఫీసు రూటర్‌లో 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేశాడు. వారం తర్వాత, విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ చూస్తే కళ్లు తిరిగాయి. అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతో తప్పుడు లాగిన్లు వరసపెట్టి పడుతున్నాయి. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడిన బ్లూకీప్ లోపంతో అయితే, ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వేయని పాత విండోస్‌లలోకి పాస్‌వర్డ్ లేకుండానే రావచ్చు. ఎప్పుడో సపోర్టు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్యాచ్ ఇచ్చారంటే దాని తీవ్రత అర్థం చేసుకోవచ్చు. ఆ పోర్టు అదే రోజు మూయించి మళ్లీ వీపీఎన్ కిందికే వచ్చేశాను. నెమ్మదైతే నెమ్మది.

కాపీ-పేస్ట్ అప్పుడప్పుడు మొండికేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో, ఆ పని చూసే ఆర్‌డీపీక్లిప్ ప్రోగ్రామ్‌ని ఆపి మళ్లీ నడిపిస్తే దారికొస్తుంది.

మందు దొరకనిది ఒక్కటే, డిజిటల్ సైన్. ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రారుకి) ఏటా లెక్కలు పంపే ఏఓసీ-4 ఫారానికి సార్ టోకెన్ కావాలి, అంటే ఆయన డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది. ఆ టోకెన్ ఆఫీసు సిస్టమ్‌కే గుచ్చి ఉన్నా, రిమోట్‌లోంచి చూస్తే లేదంటుంది. ఇందులో వెలితేమీ లేదు, దాని తీరే అంత. టోకెన్ కూడా విండోస్‌కి స్మార్ట్‌కార్డు లాంటిదే. రిమోట్ సెషన్‌లో స్మార్ట్‌కార్డులు మన ముందున్న ల్యాప్‌టాప్‌వే కనిపిస్తాయి, అవతలి సిస్టమ్‌వి కనిపించవు. మొదటిసారి ఇది తెలియక టోకెన్ పాడైందని సార్‌కి చెప్పి, కొత్తదానికి అప్లికేషన్ కూడా నింపించాను. టోకెన్ తెచ్చి ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంటే పని జరుగుతుంది గానీ, అది సార్ బీరువా దాటదు. దాటకూడదు కూడా.

అందుకే ఐదుకి నాలుగు ఇస్తాను. ఏఓసీ-4 వేసే అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే మాత్రం పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బెజవాడ రైలెక్కేస్తాను.