రెండు దారాల, నాలుగు దారాల గాలిపటాలు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

రెండు దారాల డెల్టా (త్రికోణాకారపు) పటం ఒకటి, నాలుగు దారాల పటం ఒకటి కొన్నేళ్లుగా ఎగరేస్తున్నాను. రెండింటికీ కార్బన్ పుల్లలు, చిరుగు పాకకుండా నేసిన రిప్‌స్టాప్ బట్ట ఉన్నాయి. నేలకు ఎంత గట్టిగా తగిలినా అవి ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. కొనేటప్పుడు అందరం పటాన్నే చూస్తాం గానీ, వాడేకొద్దీ తెలిసేది ఏమిటంటే పటం మన మాట వినడం, వినకపోవడం చాలావరకు దారాల మీదే ఆధారపడి ఉంటుంది.

రెండు దారాల పటాన్ని నడపడం తొందరగానే పట్టుబడుతుంది. కుడి దారం లాగితే కుడికి, ఎడమ దారం లాగితే ఎడమకు తిరుగుతుంది. గాలి వీచే దిశలో మనకు సూటిగా ఎదురుగా ఉన్నప్పుడు పటం బలంగా లాగుతుంది, పక్కలకు వెళ్లేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. కాబట్టి దించదలచినప్పుడు పటాన్ని ఒక అంచుకు తీసుకెళ్లడం మేలు. గాలి ఎక్కువైనప్పుడు పటం వైపు నడిస్తే లాగుడు తగ్గుతుంది, తక్కువైనప్పుడు వెనక్కి నడిస్తే పటం మళ్లీ పుంజుకుంటుంది. 1970లలో పీటర్ పావెల్ బ్రిటన్‌లో ప్రచారంలోకి తెచ్చిన వజ్రాకారపు పటాలకు పొడవాటి గొట్టపు తోక ఉండేది. పటం తిరిగిన దారిని ఆ తోక ఆకాశంలో గీసి చూపిస్తుంది గనుక, నేర్చుకునేవారికి తోక ఉన్న పటమే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక దారం సంగతి. డైనీమా, స్పెక్ట్రా పేర్లతో దొరికే అల్లిక దారం సన్నగా, నున్నగా ఉంటుంది, చాలా తక్కువగా సాగుతుంది. నైలాన్ దారం సాగుతుంది కాబట్టి చేతి కదలిక పటానికి ఆలస్యంగా చేరుతుంది. అయితే డైనీమా దాదాపు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. వేరే రకం దారం దానికి అడ్డంగా రాసుకుంటే, ఆ రాపిడి వేడికే తెగిపోగలదు. అందుకే ఇతరుల దారాలకు దూరంగా ఎగరేస్తాను. దారానికి నేరుగా ముడి వేస్తే ముడి దగ్గర బలహీనపడుతుంది, పైగా జారుతుంది; కాబట్టి కొనలకు పాలిస్టర్ తొడుగు ఎక్కించి, తొడుగుతో కలిపి ఉచ్చు ముడి వేయాలి.

దారాలు సమానంగా ఉండటం అన్నింటికన్నా ముఖ్యం. కొత్త అల్లిక దారం మొదటి కొన్ని రోజులు కొద్దిగా సాగుతుంది, రెండూ ఒకేలా సాగవు. నేలలో దిగేసిన మేకుకు రెండింటి కొనలూ తగిలించి, అవతలి కొనలను ఒకే బిగువుతో లాగి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. పాతిక మీటర్ల దారంలో రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా, చేతులు సమంగా పట్టుకున్నప్పటికీ పటం ఒకే పక్కకు తిరుగుతూ ఉంటుంది. సూత్రం కట్టులో (దారం తగిలించడానికి పటానికి కట్టే తాళ్లలో) లోపం ఉందని అనుమానించే ముందు ఈ కొలత చూసుకోవాలి. పొడవున్న దారం తొడుగు ముడిని విప్పి, కాస్త వెనక్కి జరిపి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. కుడి దారం రెండు కొనలకూ ఎర్ర తొడుగు పెట్టుకుంటే తగిలించేటప్పుడు తడబాటు ఉండదు.

మెలికల గురించి కొత్తవారు అనవసరంగా భయపడతారు. పటం ఒక చుట్టు తిరిగితే దారాలు ఒక మెలిక పడతాయి; నున్నటి దారం గనుక కొన్ని మెలికలున్నా జారుతూ పనిచేస్తుంది, అటువైపు తిరిగినన్ని చుట్లు ఇటువైపు తిప్పితే విడిపోతాయి. కానీ దారం మీద ఇసుక, బంక, ఉప్పునీరు చేరితే మెలికలు పట్టేసుకుంటాయి. అప్పుడు మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి.

నాలుగు దారాల పటం అసలైన పరీక్ష. 1980ల చివర్లో హాడ్జికీ సోదరులు అమెరికాలో రూపొందించిన రెవల్యూషన్ తరహా పటాల్లో పై దారాలు పటాన్ని ముందుకు నడిపిస్తే, కింది దారాలు బ్రేకుల్లా పనిచేస్తాయి. ఒక్కో చేతిలో పట్టుకునే హ్యాండిల్ పై కొనకు పై దారం, కింది కొనకు కింది దారం ఉంటాయి. కింది కొనను లాగితే పటం వెనక్కి వస్తుంది, పై దారాల లాగుడు, కింది దారాల లాగుడు సరితూగితే గాలిలో ఒకేచోట నిలబడుతుంది. ఆ నిలకడ చేతికి వచ్చిన రోజు కలిగే సంతోషం చాలా గొప్పది. హ్యాండిల్ పై కొనకున్న చిన్న తాడు మీది ముళ్లలో ఏదో ఒకదానికి దారం తగిలించి, బ్రేకు ఎంత పట్టాలో మార్చుకోవచ్చు. ఇక్కడ నాలుగు దారాలూ కొలతకు సరిగ్గా ఉండాలి గనుక, మొదట రెండు దారాల పటంతో చేయి తిరిగాకే దీనికి వెళ్లమంటాను.

ముగించేటప్పుడు దారాలన్నింటినీ కలిపి హ్యాండిల్ వైపు నుంచి ఎనిమిది అంకె ఆకారంలో చుడతాను. మర్నాడు పటం వైపు కొన పైనే ఉంటుంది; దాన్ని పటానికి తగిలించి, గాలికి ఎదురుగా వెనక్కి నడుస్తూ విప్పితే చిక్కు పడదు. పాత దారం మీద నూగు లేచిందంటే ఆ సెట్టు మార్చేస్తాను.