టోక్యోలో దైగో ఫుకుర్యూ మారు ప్రదర్శనశాల: చేపల వేటకెళ్ళే వాళ్ళతో చూడాల్సిన చోటు

ఇండియా నుంచి ఎవరొచ్చినా టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే మా నిషి కసాయి జనం చూపించే చోట్లు దాదాపు ఒకటే. అసకుసా గుడి, స్కై ట్రీ, పిల్లలుంటే డిస్నీలాండ్. మా నాన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపిన మనిషి. ఆ గుళ్ళూ టవర్లూ ఆయనకి ఒక పూటకే విసుగొచ్చాయి. దాంతో షిన్ కిబా స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగే యుమెనోషిమా పార్కుకి తీసుకెళ్ళాను. నగరం చెత్తతో సముద్రాన్ని పూడ్చి చేసిన నేల అది. అందులో ఒక పెద్ద షెడ్డు, షెడ్డు నిండా ఒకే ఒక్క బోటు. టిక్కెట్టు లేదు.

ఆ బోటే దైగో ఫుకుర్యూ మారు. 1954లో పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో, బికినీ దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద తన మీద రాలిన ట్యూనా చేపల బోటు. ఈ కథ పుస్తకాల్లో చదివిన వాళ్ళు చాలామందే ఉంటారు. దాదాపు 30 మీటర్ల పొడవున్న చెక్క బోటు పక్కన నిలబడి తలెత్తి చూసినప్పటి సంగతి వేరు. 1947లో, యుద్ధం ముగిసి జపాన్ తిండికి అల్లాడుతున్న రోజుల్లో వకయామా దగ్గర కట్టారు. 140 టన్నులు, 250 గుర్రాల ఇంజను. లోపలికి ఎక్కనివ్వరు, చుట్టూ తిరిగి చూడొచ్చు. నాన్న మొదట బోటు వెనక వైపుకి వెళ్ళి చుక్కానీ, పంకా (ప్రొపెల్లర్) చూశాడు. తర్వాత చెక్కల అతుకుల వెంట నెమ్మదిగా నడిచాడు. బోర్డు ఒక్కటీ చదవలేదు. "దీన్తో అంత దూరం ఎల్లారా?" అన్నాడు. 23 మంది కలాసీలతో పసిఫిక్ నడిమధ్యకి వెళ్ళారని చెప్తే కాసేపు నమ్మలేదు.

మేమెళ్ళిన రోజు ఒక పెద్దాయన, అక్కడి వాలంటీరు, ఓపిగ్గా అన్నీ వివరించాడు. నాకొచ్చిన జపనీస్‌తో నాన్నకి చెప్తూ పోయాను. మార్చి 1 తెల్లవారుజామున బోటు బికినీకి సుమారు 160 కిలోమీటర్లు తూర్పున ఉంది, అమెరికా గీసిన ప్రమాద హద్దుకి బయటే. పడమటి ఆకాశం వెలిగింది. చప్పుడు కొన్ని నిమిషాల తర్వాత వచ్చింది. బాంబు అనుకున్నదానికి రెండున్నర రెట్లు పేలి 15 మెగాటన్నులకి చేరింది, అంటే కోటిన్నర టన్నుల టీఎన్‌టీ మందుగుండు పేలినంత. బాంబులో వాడిన లిథియంలో పనికిరాదనుకున్న రకం కూడా మండటమే కారణం. కింద ఉన్న పగడపు దిబ్బ పొడై పైకి లేచి, కొన్ని గంటలకి తెల్లటి బూడిదగా బోటు మీద రాలింది. అప్పుడు వాళ్ళు గాలాల తాడు లాగుతున్నారు. ట్యూనా వేటలో ఆ తాడు కిలోమీటర్ల కొద్దీ నీళ్ళలో ఉంటుంది.

"తాడు కోసేసి వచ్చెయ్యొచ్చు కదా" అన్నాను. నాన్న నావైపు జాలిగా చూశాడు. "తాడొదిలేసొత్తే ఓనరుకేటి సెప్తారమ్మా?"

ఇంత సూటి వివరణ ఏ బోర్డు మీదా ఉండదు. అందుకే అంటున్నా, వీలైతే వేటకెళ్ళే వాళ్ళతో వెళ్ళండి. ఆ తాడంతా లాగేదాకా వాళ్ళు బూడిదలోనే ఉన్నారు. రెండు వారాలు ప్రయాణం చేసి మార్చి 14న జపాన్‌లోని యైజు రేవుకి చేరేసరికి ఒళ్ళు కమిలి, జుట్టు ఊడుతోంది. రేడియో ఆపరేటర్ కుబోయామా ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయాడు, 40 ఏళ్ళు. అణుబాంబుల బాధితుల్లో తనే ఆఖరివాడు కావాలన్న ఆయన మాట బయట రాతి మీద చెక్కి ఉంది.

ప్రదర్శన ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. నాకు నచ్చింది అద్దాల బీరువాల వైపు. చిన్న సీసాలో ఆ బూడిద ఉంది. చేపల దగ్గర పెట్టి రేడియోధార్మికత కొలిచిన గైగర్ కౌంటరు ఉంది. ఆ చేపల సంగతే అసలు సంగతి. యైజులో దించిన ట్యూనా అప్పటికే బజార్లకి వెళ్ళిపోయింది. టోక్యోలోని త్సుకిజి మార్కెట్‌లో చేపల్ని గొయ్యి తవ్వి పూడ్చారు. ఆ తర్వాత రేవుల్లో కొలవడం మొదలైంది: చేపకి పది సెంటీమీటర్ల దూరంలో కౌంటరు నిమిషానికి వంద లెక్క దాటితే పారెయ్యాల్సిందే. అలా 1954 చివరికి 856 బోట్ల చేప, 485 టన్నులకు పైగా పోయింది. అంటే ఈ షెడ్డులో ఉన్న బోటు ఒక్కటే కాదు, ఎనిమిది వందలకు పైగా. వాటి కలాసీల పేర్లు ఎవరికి తెలుసు?

డిసెంబరు ఆఖరుకి జపాన్ ప్రభుత్వం ఈ తనిఖీలు ఆపేసింది. 1955 జనవరి మొదటి వారంలో అమెరికా 20 లక్షల డాలర్లు ఇచ్చి వ్యవహారం ముగించింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, నేను వేరే చెప్పక్కర్లేదు. మిగతా బోట్ల వాళ్ళలో కోచి వైపు నావికులు కొందరు 2016లో ప్రభుత్వం మీద కేసు వేశారు, కింది కోర్టులోనూ పై కోర్టులోనూ ఓడిపోయారు. ఈ బోటులో బతికి బయటపడ్డ ఓయిషి మతషిచికి పరిహారం వచ్చింది, దాంతోపాటు ఊళ్ళో అసూయా చిన్నచూపూ వచ్చాయి. టోక్యో వచ్చి లాండ్రీ పెట్టుకుని ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. తర్వాత మాత్రం బడిపిల్లలకి ఇదంతా చెప్తూనే ఉన్నాడు, 2021లో పోయేదాకా.

సముద్రం పెద్దది కదా, కలిసిపోతే పలచబడిపోతుందిలే అన్నది అప్పటి ధీమా. 1954 మేలో జపాన్ శాస్త్రవేత్తలు షుంకోత్సు మారు అనే ఓడలో వెళ్ళి కొలిస్తే, బికినీకి చాలా దూరంలో నీళ్ళలోనూ చేపల్లోనూ రేడియోధార్మికత కనిపించింది. ప్రవాహం ఎటు వెళ్తే అటు వెళ్ళింది. తర్వాతి ఏళ్ళలో సరుహాషి కత్సుకో అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నీటిలో సీజియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొలిచింది. అమెరికన్లు ఆ లెక్కలు నమ్మకపోతే 1962లో వాళ్ళ ల్యాబుకే వెళ్ళి పక్కపక్కన కొలిచి నిరూపించింది. మీతో ఆడపిల్లలుంటే బోటు చూపిస్తూ ఈవిడ గురించి తప్పకుండా చెప్పండి.

మార్షల్ దీవుల జనం గురించి కూడా ఇక్కడ తెలుసుకోవచ్చు. అక్కడి రోంగెలాప్ దీవిలో పిల్లలు ఆ బూడిదలో ఆడుకున్నారు. రెండు రోజులకి గానీ వాళ్ళని తరలించలేదు. 1957లో ఫరవాలేదని వెనక్కి పంపారు, 1985లో వాళ్ళే దీవి వదిలి వెళ్ళిపోయారు. నాకైతే ఈ భాగమే ఇంకో గది నిండా ఉండాలనిపించింది. బాంబు పేలిన నెలకి, ఏప్రిల్ 2న, మన నెహ్రూ ఇలాంటి పరీక్షలు ఎక్కడివక్కడ ఆపాలని లోక్‌సభలో అడిగారు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి చెప్పడానికి ఆ ముక్క పనికొస్తుంది.

బయటికొచ్చాక ఇంజను చూడకుండా వెళ్ళకండి. బోటు పాతబడ్డాక ఇంజను విడిగా అమ్మేశారు. అది ఎక్కిన ఇంకో ఓడ 1968లో మునిగిపోయింది. 1996లో సముద్రంలోంచి పైకి తీశారు, తర్వాత ఇక్కడికి చేర్చారు. తుప్పు ముద్దలా ఉంటుంది. నాన్న ఎక్కువసేపు గడిపింది దీని దగ్గరే, సిలిండర్లు లెక్కపెడుతూ.

సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4 వరకు. బోర్డులు ఎక్కువగా జపనీస్‌లోనే, కాబట్టి ఫోన్‌లో అనువాదం యాప్ సిద్ధంగా పెట్టుకోండి. గబగబా చుట్టేసి సెల్ఫీ దిగి వచ్చే రకం చోటు కాదు, కనీసం గంటన్నర ఉంచుకోండి. చిన్నపిల్లలు విసిగిస్తే అదే పార్కులో ఉష్ణమండల మొక్కల గాజు తోట ఉంది. దానికి మాత్రం కొంచెం టిక్కెట్టు ఉంది, టోక్యో చలికాలంలో అది మంచి బేరమే.