పైథాగరస్ పాఠం: దారమా, శుభలేఖా, సరూప త్రిభుజమా?

"లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం, మిగిలిన రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం." తొమ్మిదో తరగతిలో ఎవరిని లేపి అడిగినా ఈ వాక్యం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. "మరి ఆ 'మీది' అంటే ఏమిట్రా?" అంటే మాత్రం నోరు పెగలదు. తప్పు వాళ్ళది కాదు. తెలుగులో ఆకారాన్ని చతురస్రం అంటాం, సంఖ్యను వర్గం అంటాం. వర్గం అనగానే పిల్లవాడికి మూడు మూళ్ళు తొమ్మిది గుర్తొస్తుంది గానీ, మూడంగుళాల గీత మీద నిలబడిన తొమ్మిది గడుల చతురస్రం గుర్తు రాదు. సిద్ధాంతం మాట్లాడేదేమో ఆ చతురస్రం గురించే.

తాడిపత్రి దగ్గర లెక్కల పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ ఒక్క సిద్ధాంతాన్ని ఇన్నేళ్ళలో నాలుగు రకాలుగా చెప్పి చూశాను. ఏది మేలో తేల్చడానికి నేను వాడే కొలత ఒక్కటే: పిల్లవాడికి ఆ "మీది" కనబడిందా, లేదా?

మా వైపు పాఠం మొదలుపెట్టిన రోజే ఎవడో ఒకడు చెయ్యెత్తుతాడు. "సార్, మా నాయన మూలమట్టం చూసేకి దారం కట్టి మూడూ నాలుగూ ఐదూ పెడ్తాడు." బేల్దారి పని చేసే ఇళ్ళ పిల్లలకు ఇది పుస్తకం కన్నా ముందే తెలుసు. పునాది మూల దగ్గర ఒక దారం మీద 3 అడుగులకు గుర్తు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తు, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెడితే 5 రావాలి. రాకపోతే దారం జరుపుతారు. ఇంత చక్కటి ఉదాహరణ చేతిలో ఉండగా పాఠం దీంతోనే మొదలుపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను.

చిక్కు ఎక్కడుందంటే, మేస్త్రీ చేసేది పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం. సిద్ధాంతం ప్రకారం మూల లంబకోణమైతే వర్గాలు సరిపోతాయి. మేస్త్రీకి కావలసింది అటు నుంచి: కొలతలు సరిపోయాయి కాబట్టి మూల లంబకోణం. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఈ రెండింటినీ వేరువేరుగానే నిరూపించాడు, తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదన సిద్ధాంతం, 48వది విపర్యయం. దారంతో మొదలుపెడితే పిల్లల బుర్రలో రెండూ కలిసిపోతాయి. పైగా వాళ్ళకు మిగిలేది 3, 4, 5 అనే మూడంకెలే. "5, 9 అయితే కర్ణమెంత?" అంటే "అట్లా కట్టరు సార్" అన్నాడొకడు. వాడు చెప్పింది నిజమే కదా.

అలాగని దారాన్ని తీసిపారేయలేను. అందులో ఒక మంచి లెక్క దాగి ఉంది. 5 అడుగులు రావలసిన చోట ఒక్క అంగుళం ఎక్కువ వచ్చిందనుకోండి. మూల 90 డిగ్రీలు కాదు, సుమారు 92 అవుతుంది. రెండు డిగ్రీలే కదా అనుకుంటే 30 అడుగుల గోడ చివరికి పోయేసరికి అడుగు పక్కకు జరుగుతుంది! అదే అంగుళం పొరపాటు 6, 8, 10 పెట్టినప్పుడు జరిగితే తేడా ఒక డిగ్రీకి, అరడుగుకు తగ్గుతుంది. పెద్ద ఇంటికి 6, 8, 10 పెట్టడంలో ఉన్న తెలివి ఇదే. విపర్యయం చెప్పే రోజున ఈ లెక్క పిల్లల చేత చేయిస్తే ఆ పీరియడ్‌లో ఒక్కడూ నిద్రపోడు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం, బౌధాయన శుల్బ సూత్రాల ప్రస్తావన కూడా అప్పుడే తెస్తాను. శుల్బం అంటే తాడే. త్రిభుజం ఊసెత్తకుండా, దీర్ఘచతురస్రానికి అడ్డంగా ఐమూలగా లాగిన తాడు ఎంత వైశాల్యాన్ని ఇస్తుందో అందులో చెప్పారు. అక్కడా వైశాల్యమే.

అంటే దారం మంచిదే, మొదటి రోజుకు మాత్రం పనికిరాదు.

మొదటి రోజు నేను పిల్లల్ని కింద కూర్చోబెడతాను. మా ఊళ్ళలో తరగతి గదైనా, ఇల్లయినా నల్ల బండలే కదా. చతురస్రాలుగా పరిచి ఉన్న చోట సుద్దముక్కతో ఒక బండకు ఐమూలగా గీత గీసి, ఆ గీత మీద చతురస్రం గీయమంటాను. పక్క బండల్లోకి పోతుంది. లెక్కపెడితే నాలుగు సగం బండలు, అంటే రెండు బండలు. బండ అంచుల మీద గీసిన చతురస్రాలు ఒక్కోటి ఒక బండ. ఒకటీ ఒకటీ రెండు. సూత్రం లేదు, వర్గమూలం లేదు. 2 అడుగుల బండైతే ఐమూల కొలత 34 అంగుళాలకు ఒక్క పిసరు తక్కువ వస్తుంది, టేపుతో కొలిచి చూసుకుంటారు. "మీది" అన్న మాటకు అర్థం అక్కడ పది నిమిషాల్లో తేలిపోతుంది. కాకపోతే రెండు భుజాలూ సమానమైన త్రిభుజానికే ఇది చెల్లుతుంది. అక్కడితో ఆపితే పాఠం కాదు, బండల పని.

ఆ తర్వాత శుభలేఖలు. పెళ్ళిళ్ళ కాలం అయ్యాక ఏ ఇంట్లో చూసినా మందపాటి కార్డులు పడి ఉంటాయి. వాటిలోంచి ఒకే కొలతతో నాలుగు లంబకోణ త్రిభుజాలు కత్తిరించమంటాను. లంబకోణం పక్కనున్న భుజాలు 5 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. కావాలనే 3, 4 వద్దంటాను. నోటుబుక్కులో 14 సెంటీమీటర్ల చతురస్రం గీసి, నాలుగు ముక్కలనూ నాలుగు మూలల్లో పేరిస్తే నడుమ వాలుగా ఒక చతురస్రపు ఖాళీ మిగులుతుంది. దాని భుజమే కర్ణం. ఇప్పుడు అవే ముక్కల్ని రెండేసి జతచేసి రెండు దీర్ఘచతురస్రాలుగా సర్దితే ఆ చట్రంలోనే రెండు ఖాళీలు మిగులుతాయి, ఒకటి 5 భుజంది, ఇంకోటి 9 భుజంది. చట్రం మారలేదు, ముక్కలు మారలేదు. కాబట్టి మిగిలిన ఖాళీ కూడా మారదు.

లెక్క కూడా వేయిస్తాను. చట్రం 196, నాలుగు ముక్కలు కలిపి 90, మిగిలింది 106. అటు 25, 81 కలిపితే 106. కర్ణాన్ని స్కేలుతో కొలిస్తే 10.3 దగ్గర ఆగుతుంది. దీంతో ఇంకో పాత జబ్బు కూడా కుదురుతుంది. వర్గమూలం గుర్తు కింద 25 + 81 కనబడగానే 5 + 9 = 14 అని రాసేసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. 14 అంటే చట్రం మొత్తం భుజం, కర్ణం దాని లోపల ఇమిడి ఉంది. ముక్కలు పేర్చిన చేతికి ఆ తప్పు రాయడం కష్టం.

కాగితం పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. కాగితం అబద్ధమాడుతుంది. 8 × 8 గడుల చతురస్రాన్ని నాలుగు ముక్కలుగా కోసి 5 × 13 దీర్ఘచతురస్రంగా పేర్చే పాత తమాషా చాలామందికి తెలుసు. 64 గడులు 65 అవుతాయి! నడుమ సన్నటి సందు ఉంటుంది, కంటికి ఆనదు. ఇది చేసి చూపించిన రోజు ఒకమ్మాయి నన్నే నిలదీసింది. "అయితే నిన్న మీరు చూపించింది కూడా ఇట్లాంటిదేనేమో సార్?" ఆ ప్రశ్న కోసమే ఈ తమాషా చూపిస్తాను. నడుమ ఖాళీకి నాలుగు భుజాలూ సమానమని ఒప్పుకుందాం, మరి మూలలు లంబకోణాలని ఎవరు చెప్పారు? చట్రం అంచు మీద ఒక బిందువు దగ్గర మూడు కోణాలు కలుస్తాయి. వాటిలో రెండు, త్రిభుజంలోని రెండు అల్పకోణాలు, కలిపితే 90. సరళకోణం 180లో మిగిలింది ఇంకో 90. ఈ రెండు వాక్యాలు చెప్పకపోతే శుభలేఖ ఆట ఇంద్రజాలమే గానీ నిరూపణ కాదు.

ఇక పదో తరగతిలో మా తరం చదువుకున్న సరూప త్రిభుజాల (ఒకే రూపం, వేరువేరు కొలతలు) నిరూపణ. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. లంబకోణ శీర్షం B నుంచి కర్ణం AC మీదికి BD లంబం గీయి. AB వర్గం AD, AC ల లబ్ధం, BC వర్గం CD, AC ల లబ్ధం, రెండూ కూడు, అయిపోయింది. నాలుగు పద్ధతుల్లో పొట్టిది ఇదే, బిగువైనదీ ఇదే. పిల్లలు బట్టీ కొట్టేదీ దీన్నే. పరీక్షలో నిలువునా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి "లంబం ఎందుకు గీశావురా?" అని అడిగితే "బుక్కులో గీసినారు సార్" అంటాడు. పైగా ఇందులో చతురస్రం ఎక్కడా కంటబడదు, అంతా నిష్పత్తులే. నా కొలతకు పెడితే ఇది చివరి వరుసలో ఉండాలి.

చాలాకాలం అలాగే ఉంచాను కూడా. నా మనసు మార్చింది మళ్ళీ కాగితమే. 6, 8, 10 సెంటీమీటర్ల త్రిభుజాన్ని కత్తిరించి, BD గీత వెంబడి కోస్తే రెండు చిన్న త్రిభుజాలు వస్తాయి. ఒకదాని కర్ణం 6, రెండోదాని కర్ణం 8, పెద్దదాని కర్ణం 10. మూడూ ఒకే రూపం. చిన్నవాటి వైశాల్యాలు 8.64, 15.36. కలిపితే 24, అదే పెద్దది. కోసిన ముక్కలు కలిపితే మొదటి ముక్క రావడంలో వింతేముంది? కానీ అసలు సంగతి అక్కడే ఉంది: మూడు భుజాల మీద ఒకే రూపంలో ఉన్న బొమ్మలు నిలబెడితే చిన్నవి రెండూ కలిసి పెద్దదానికి సమానం. త్రిభుజాలకు నిజమైతే, సరూప బొమ్మల వైశాల్యాలు భుజాల వర్గాల నిష్పత్తిలోనే ఉంటాయి కాబట్టి, చతురస్రాలకూ నిజమే, అర్ధవృత్తాలకూ నిజమే. యూక్లిడ్ ఆరో పుస్తకంలో 31వ ప్రతిపాదన చెప్పేది ఇదే. శుభలేఖ ఆట చతురస్రాల దగ్గరే ఆగిపోతుంది, ఇది ఆగదు. సరూపత వచ్చిన పదో తరగతి పిల్లలకు దీన్ని మించింది లేదని ఇప్పుడంటాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకు మాత్రం వద్దు. సరూపత రానివాడికి ఇది రెండు కొరుకుడుపడని సంగతుల్ని ఒకేసారి నోట్లో కుక్కడమే.

డిజిటల్ బోర్డు మీద బొమ్మల్ని కదిలించి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడుగుతారు. శీర్షాన్ని పట్టుకుని లాగి, కోణం 90 దాటగానే పెద్ద చతురస్రం మిగిలిన రెండింటి మొత్తాన్ని మించిపోవడం, 90 లోపల తగ్గిపోవడం చూపించడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. నిరూపణకు మాత్రం అది పనికిరాదు. తెర మీద అంకెలు సరిపోయాయని నమ్మడం, మాస్టారు చెప్పాడని నమ్మడం, రెండూ ఒకటే.

తొమ్మిదో తరగతికి ఒక్క పీరియడే ఉంటే? శుభలేఖలు, ఆ మూల లంబకోణమెలా అయిందన్న రెండు వాక్యాలతో సహా. బండలు, దారం, తెర అన్నీ వదిలేసినా నష్టం లేదు. రెండో పీరియడ్ దొరికితే 'లీలావతి' రాసిన భాస్కరుడి వెదురు లెక్క ఇస్తాను. 32 మూరల వెదురు గాలికి విరిగి, కొస మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది, ఎంత ఎత్తులో విరిగింది? సూత్రం మాత్రమే వచ్చినవాడు 32 వర్గం, 16 వర్గం రాసి బుర్ర గోక్కుంటాడు. ముక్కలు పేర్చినవాడు ముందు బొమ్మ గీస్తాడు. 12 మూరలు వస్తుంది.

మూడో పీరియడ్ దారానిది. దాన్ని గదిలో కాదు, మైదానంలో పెడతాను. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఐమూల ఎంత రావాలో ముందే లెక్కేసుకొమ్మంటాను: 20 మీటర్ల 12 సెంటీమీటర్లు. పోయిన ఏడాది నాలుగు మేకులు కొట్టి, నాలుగు అంచులూ సరిగ్గా కొలిచి, సున్నం పోయబోతుండగా ఒక ఐమూల 20.40 వచ్చింది, రెండోది 19.85. అంచులన్నీ సరిపోయాయి కదా, ఇంకేం సార్ అని సగం మంది సున్నం డబ్బా ఎత్తుకున్నారు. "అట్లా కట్టరు సార్" అన్న బేల్దారి కొడుకు మాత్రం దారం వదల్లేదు. "ఆ పక్క రెండు మేకులూ పీకండి, కోర్టు వాలింది" అన్నాడు.