మోచేతి స్కానింగ్‌కి ఆరేళ్లుగా వాడుతున్న చిన్న ప్రోబ్

2019లో బెంగళూరు మారతహళ్లి దగ్గర మా స్కానింగ్ సెంటర్ మొదలుపెట్టినప్పుడు కొన్న పోర్టబుల్ అల్ట్రాసౌండ్ మెషీన్ ఇప్పటికీ బాగానే నడుస్తోంది. దాంతోపాటు రెండు లీనియర్ ప్రోబ్‌లు (చర్మానికి ఆనించి స్కాన్ చేసే, ముఖం చదునుగా ఉండే పరికరాలు) తీసుకున్నాం. ఒకటి అన్ని సెంటర్లలోనూ ఉండే వెడల్పాటిది. రెండోది హాకీ కర్రలా వంపు తిరిగిన చిన్నది, దాని శబ్దతరంగాల ఫ్రీక్వెన్సీ 18 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. నేను చెప్పబోయేది ఈ చిన్నదాని గురించే. ఇంత పిడికెడు వస్తువుకి అంత డబ్బు పెట్టాలా అని అప్పట్లో ఇంట్లో పెద్ద వాదనే అయింది. ఇవాళ మోచేతి కేసు వస్తే నా చెయ్యి ముందు దాని మీదికే పోతుంది.

మోచేతి చుట్టూ అన్నీ ఎముక గుబ్బలే. వెడల్పాటి ప్రోబ్ పెడితే ఒక కొస గుబ్బ మీద ఆనుతుంది, ఇంకో కొస గాలిలో ఉంటుంది. తెర సగం నల్లగా మిగులుతుంది. చిన్నదైతే గుబ్బల మధ్య సందులో ఇట్టే కూర్చుంటుంది.

ముందు, బయటి వైపు, లోపలి వైపు, వెనక అని మోచేతిని నాలుగు భాగాలుగా చూస్తాం. ఎక్కువ మంది బయటి వైపు నొప్పితోనే వస్తారు. టెన్నిస్ ఎల్బో అంటాం గానీ మా దగ్గరికి టెన్నిస్ ఆడేవాళ్లు వచ్చింది తక్కువ. సాయంత్రాలు షటిల్ ఆడే సాఫ్ట్‌వేర్ పిల్లలు, హిందూపురం వైపు నుంచి వచ్చి సైట్లలో రాడ్‌బెండింగ్ చేసేవాళ్లు, రోజూ ఇంటిల్లిపాదికీ చపాతీలు ఒత్తే అమ్మలు. దీనికి ఏ మంచి లీనియర్ ప్రోబైనా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపించేది) వేసినప్పుడు ప్రోబ్‌ని నొక్కితే సన్నటి రక్తనాళాలు అణిగిపోయి రంగు మాయమవుతుంది, అసలు లేనట్టే కనిపిస్తుంది. జెల్ కుప్పగా పోసి, ప్రోబ్ చర్మానికి ఆనీ ఆననట్టు పట్టుకోవాలి.

చిన్న ప్రోబ్ విలువ తెలిసేది లోపలి వైపే. మోచెయ్యి గోడకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది చూడండి, ఆ అల్నార్ నరం అక్కడే, ఎముక వెనక గాడిలో ఉంటుంది. ప్రోబ్ ఒక కొసని లోపలి గుబ్బ మీద, రెండో కొసని మోచేతి మొన మీద ఆనిస్తే నరం అడ్డకోతలో గుండ్రంగా, మధ్యలో నల్ల చుక్కలతో కనబడుతుంది. ఆ కోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే నరం ఉబ్బిందేమోనని అనుమానిస్తాం, రెండో చేతితో పోల్చి చూస్తాం.

కొలతతో పని అయిపోదు. పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడికి జిమ్‌లో చెయ్యి మడిచినప్పుడల్లా టక్కుమనేది. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. చెయ్యి కదలకుండా పెట్టి తీసే బొమ్మలో అది దొరకడం కష్టం. ప్రోబ్ అక్కడే ఉంచి, "నిదానంగా మడువు నాయనా" అన్నాను. సగం దాటాక నరం గుబ్బ మీద నుంచి ముందుకు జారింది. ఇంకొంచెం మడవగానే వెనక నుంచి ట్రైసెప్స్ అనే, భుజం కింద చేతి వెనక ఉండే కండ అంచు కూడా దూకింది. "అదే మేడమ్, ఆ రెండోదే!" అన్నాడు తెర వైపు చూస్తూ. ఆ రెండో టక్కుని పట్టుకోకపోతే, ఆపరేషన్ చేసి నరాన్ని పక్కకి జరిపినా చప్పుడు మిగిలిపోతుంది. ఏ బాధా లేనివాళ్లలోనూ నరం ఇలా జారొచ్చు కాబట్టి, జారింది అని రాసి ఊరుకోకుండా, ఆ క్షణాన నొప్పి, తిమ్మిరి వచ్చాయా అని అడిగి అదీ రిపోర్టులో రాస్తాను.

ఇక ముందు వైపు. బైసెప్స్ (చేతి ముందు కండ) టెండన్, అంటే కండని ఎముకకి కలిపే తాడు లాంటిది, దాని కొస లోతుకి, ఏటవాలుగా దిగి ముంజేతిలోని రేడియస్ ఎముకకి అతుక్కుంటుంది. శబ్దతరంగం టెండన్‌కి నిటారుగా తగలకపోతే మంచి టెండన్ కూడా నల్లగా కనిపిస్తుంది. మొదటి ఏడాది నేను అలాంటి నలుపుని చూసి కొంత తెగిందని రాశాను. ఎమ్మారైలో టెండన్ నిక్షేపంగా ఉంది. ఆ మనిషి రెండు వారాలు పనికి వెళ్లకుండా కూర్చున్నాడు, ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అప్పటి నుంచి ఒక్క వైపు నుంచే చూసి ఎప్పుడూ తేల్చలేదు. చెయ్యి మడిచి లోపలి వైపు కండ గుండా చూస్తాను, తర్వాత అరచెయ్యి కిందికి తిప్పించి వెనక నుంచి చూస్తాను. అలా తిప్పితే టెండన్ అతుక్కునే చోటే వెనక్కి వస్తుంది. ఇంత లోతుకి చిన్న ప్రోబ్ అందదు, వెడల్పాటిదే కావాలి. కీలు లోపలి మృదులాస్థికి, ఎముక లోపలి జబ్బుకి రెండూ చాలవు.

మూడో ఏట వైరు ప్రోబ్‌లోకి వెళ్లే దగ్గర తెగి బొమ్మలో నిలువు చారలు వచ్చాయి. రిపేరుకి దాదాపు రెండు నెలలు తిప్పారు, బదులు ప్రోబ్ ఇవ్వలేదు. ఆ రోజుల్లో నరం కేసుల్ని వేరే చోటికి పంపాల్సి వచ్చింది. కాబట్టి కొనేటప్పుడే రిపేరు ఉన్నన్నాళ్లూ ఇంకో ప్రోబ్ ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. మెషీన్ పోర్టబుల్ కదా అని షటిల్ కోర్టుకి మోసుకెళ్లడం మాత్రం కుదరదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ఏ చిరునామాకి రిజిస్టర్ చేయించామో అక్కడే వాడాలి, చూసేది మోచెయ్యే అయినా సరే.

మెషీన్ అమ్మేవాళ్ల తరఫున డెమోకి వచ్చినవాళ్లు పొట్టో థైరాయిడో చూపించబోతారు. ఆగమని, మీ మోచెయ్యే బల్ల మీద పెట్టండి. నరంలో చుక్కలు విడివిడిగా కనిపించాలి, చెయ్యి మడుస్తుంటే బొమ్మ తడబడకుండా వెంట రావాలి. ఆ తర్వాతే ధర మాట్లాడండి.