మూడో గడి లేని లక్ష్యాల డైరీ

డిసెంబరు వచ్చిందంటే విజయవాడలోని క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో వాగ్దాన క్యాలెండర్ల పక్కన కొత్త డైరీలు బారులు తీరుతాయి. 2024 డిసెంబరులో వాటిలో ఒకదాన్ని 320 రూపాయలకు కొన్నాను. విశ్వాసి తన జీవితోద్దేశాన్ని తెలుసుకొని, దానికి తగిన లక్ష్యాలను వాక్యానుసారంగా నిర్ణయించుకోవడానికి తెలుగులోనే తయారుచేసిన అభ్యాస పుస్తకమని దాని అట్టమీద రాసి ఉంది. ఏడు నెలలు విడువకుండా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ప్రచురణకర్తల పేరు చెప్పడం లేదు. నేను ఎత్తిచూపబోయే ముఖ్యమైన లోపం, అదే బల్లమీద నేను తిరగేసిన మరో రెండు డైరీలలోనూ ఉంది.

ఆరంభంలోని ఇరవై పుటలు నిరుత్సాహపరుస్తాయి. ‘కలల పుట’ అనే చోట మనకు కావలసిన ఇల్లు, వాహనం, ఉద్యోగం బొమ్మలు అతికించుకోమని ఖాళీ చతురస్రాలు ఇచ్చి, వాటి నెత్తిన యిర్మీయా 29:11 ముద్రించారు. సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావని దేవుడు పలికిన ఆ మాట బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలు గడవాలని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూసి ఉండరు. విచిత్రమేమిటంటే, అదే ఉత్తరంలో ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థన చేయండి అని ఎంతో స్పష్టమైన లక్ష్యాలు ఉన్నాయి. డైరీ కూర్చినవారు వాటిని వదిలి, ఒక్క వచనాన్ని మాత్రం కోసి తెచ్చుకున్నారు. నేను ఆ చతురస్రాలను ఖాళీగానే వదిలేశాను.

ఆ తరువాత ప్రార్థన, కుటుంబం, పని, ఆర్థికం, ఆరోగ్యం, పరిచర్య అనే ఆరు విభాగాలు వస్తాయి. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. ఏ డైరీలోనైనా దాదాపు ఇవే ఉంటాయి.

ఈ పుస్తకానికి పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ‘తగులుబడి లెక్క’, అంటే ఖర్చు లెక్క, అనే పుటల దగ్గర. గోపురం కట్టదలచినవాడు కూర్చుండి మొదట తగులుబడి లెక్క చూసుకొనడా అని లూకా 14వ అధ్యాయంలో యేసు అడిగిన ప్రశ్నను ఆధారం చేసుకొని, ప్రతి లక్ష్యానికీ ఎంత డబ్బు కావాలి, వారానికి ఎన్ని గంటలు పడతాయి, ఆ గంటలు ఇంట్లో ఎవరి వాటానుంచి తీసుకుంటున్నాము, దానికోసం ఏమి వదులుకోవాలి అని నాలుగు ప్రశ్నలు వేశారు. జనవరిలో నేను రాసుకున్న ఐదు లక్ష్యాలకు వారానికి పంతొమ్మిది గంటలు కావలసివచ్చింది. నిజాయితీగా లెక్కిస్తే నాకు మిగిలేవి ఎనిమిది. కరస్పాండెన్స్‌లో వేదాంత కోర్సు చదవాలన్న కోరికను అప్పుడే పక్కన పెట్టి, సండే స్కూలు బోధనను, చీటీ బాకీ తీర్చడాన్ని ఉంచుకున్నాను. ఏ ప్రసంగమూ నాచేత ఆ పని చేయించలేకపోయింది. ఆ పుట మూలన మెదక్ కెథడ్రల్ గోపురం గీతచిత్రం వేయడం కూడా చక్కని ఆలోచన. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరవుకాలంలో పస్తులున్నవారికి పని, తిండి దొరికేలా కట్టించారు. తగులుబడి లెక్కలో మనకు అయ్యే ఖర్చే గాక, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందన్న వరుస కూడా ఉండాలని ఆ బొమ్మ చూసినప్పుడల్లా అనిపించేది. ఆ ఐదో ప్రశ్న మాత్రం డైరీలో లేదు.

లెక్కల మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు ఒకచోట లెక్క తప్పారు. రోజుకు మూడు అధ్యాయాలు చదివితే ఏడాదిలో బైబిలు పూర్తవుతుందని రాశారు. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. మూడు చొప్పున 365 రోజులకు 1,095 మాత్రమే అవుతాయి గనుక ఇంకా 94 మిగిలిపోతాయి. మామూలు రోజుల్లో మూడు, ఆదివారాల్లో ఐదు చదవడం మా అమ్మమ్మ పద్ధతి, అది సరిపోతుంది. లక్ష్యాలను తిరిగి చూసుకొనే పుట మూడు నెలలకు ఒక్కటే ఉండడం మరో లోటు. అమెరికా బోధకుడు జోనాతన్ ఎడ్వర్డ్స్ 1722, 1723 సంవత్సరాల్లో తనకోసం రాసుకున్న 70 తీర్మానాలను వారానికొకసారి చదువుకోవాలని నియమం పెట్టుకున్నాడు. మూడు నెలలంటే మనం ఏమి రాసుకున్నామో మనమే మరచిపోతాము.

అసలు లోపం ఆ మూడు నెలల పుటలోనే ఉంది. అక్కడ ప్రతి లక్ష్యానికీ ‘పూర్తయింది’, ‘కాలేదు’ అని రెండే గడులున్నాయి. మార్చి మొదటి వారంలో మా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. సాయంత్రాలన్నీ ఆయనకు స్నానం చేయించడం, కాలు చేయి ఆడించడం, ముద్ద కలిపి తినిపించడంతో గడిచిపోయాయి. నెలాఖరున ఆ పుట తెరిస్తే మిగిలిన నాలుగు లక్ష్యాల్లో మూడింటికి ‘కాలేదు’ అని టిక్కు పెట్టవలసివచ్చింది. దాని కిందనే ‘నీ క్రమశిక్షణ ఎక్కడ లోపించింది?’ అన్న ప్రశ్న అచ్చయి ఉంది. ఆ రాత్రి ఆ ప్రశ్నకు నాకు కోపమే వచ్చింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు ఆసియలో వాక్యం చెప్పబోతే పరిశుద్ధాత్మ ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లబోతే వెళ్లనియ్యలేదు, చివరికి త్రోయలో రాత్రి కలిగిన దర్శనం అతణ్ణి మాసిదోనియకు మళ్లించింది. ఈ డైరీ పౌలు చేతిలో ఉంటే ఆసియ, బితూనియ రెండింటికీ ‘కాలేదు’ అనే రాసుకొనేవాడు. మనుష్యుడు తన హృదయములో యోచించుకొనును, యెహోవా వాని నడతను స్థిరపరచును అన్న సామెతలు 16:9ను అట్ట లోపలివైపు ముద్రించినవారు, ఆ మాటలోని రెండో సగానికి పుటల్లో చోటివ్వలేదు. లౌకికమైన ప్లానర్‌కు ఆ చోటు లేకపోయినా ఫరవాలేదు. విశ్వాసికోసం చేసినదానికి అది ఉండి తీరాలి.

కాగితం పలచన, జెల్ పెన్ను సిరా వెనుకకు దిగుతుంది. కుట్టు గట్టిది, ఏడు నెలలకూ ఒక్క పుట ఊడలేదు. మట్టల ఆదివారం, ఈస్టరు గుర్తించారు గాని శ్రమకాలం ఆరంభమయ్యే భస్మ బుధవారాన్ని వదిలేశారు.

ఉద్యోగం, సంఘం, ఇల్లు మూడింటి మధ్య నలిగేవారికి, ముఖ్యంగా అడిగినవారికల్లా సరేనని మాట ఇచ్చేసేవారికి, తగులుబడి లెక్క కోసమైనా దీన్ని కొనమంటాను. ఇంట్లో రోగి ఉన్నవారికి మాత్రం ఉన్నదున్నట్టుగా ఇవ్వను. మూడు నెలల పుటకు కుడి అంచున రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తే ‘మళ్లించబడినది’ అని రాసుకోవడానికి ఆ చోటు సరిపోతుంది.