విత్తనం నుంచి లిథాప్స్: ఏళ్ల తరబడి ఇంట్లో పెంచాక

ఎడారి గులాబీ అనే అడీనియం గింజలు మొలకెత్తించినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వేడంటే దానికి ప్రాణం, మేడ మీద వదిలేసినా పెరుగుతుంది. అదే ధైర్యంతో లిథాప్స్ జోలికి, అంటే గులకరాళ్లలా కనిపించే బుల్లి మొక్కల జోలికి మాత్రం వెళ్లొద్దు. హైదరాబాద్‌లో, ఫ్లాట్ లోపల, లైట్ల కింద వీటిని విత్తనం నుంచి పెంచుతున్నాను. తొలి విడతలో బతికినవి ఇప్పుడు పూస్తున్నాయి. కాబట్టి అయ్యే పనే. కానీ ఓపిక కావాలి, వానాకాలంలో నీళ్ల మగ్గు దాచేసుకునేంత నిగ్రహమూ కావాలి.

వీటి సొంతగడ్డ దక్షిణాఫ్రికా, నమీబియా. 1811లో బర్చెల్ అనే అన్వేషకుడు అక్కడి రాతినేల మీద వింత గులకరాయి కనిపించిందని చేతిలోకి తీసుకుంటే అది మొక్కని తేలింది. ఉండేది ఒక్క జత ఆకులే. సహజంగా పెరిగే చోట వాటి ఒళ్లు చాలామటుకు మట్టిలోనే ఉంటుంది. ఆకు నెత్తిన పారదర్శకంగా ఉండే భాగం గుండా వెలుగు లోపలికి దిగుతుంది.

ముందు విత్తనాల సంగతి. ఆన్‌లైన్‌లో నీలం, వంకాయ, గులాబీ రంగులన్నీ కలిపిన ఫొటోతో అమ్మే ప్యాకెట్లు కొనకండి. నేను కొన్నదాంట్లోంచి ఏదో గడ్డి మొలిచింది. అసలు నీలం లిథాప్స్ అనేదే లేదు. జాతి పేరు రాసి అమ్మేవాళ్ల దగ్గరే తీసుకోండి. ప్యాకెట్ మీద కోల్ నంబరు ఉంటే ఇంకా మంచిది. డెస్మండ్ కోల్, ఆయన భార్య నౌరీన్ ఏ చోట దొరికిన మొక్కలకు ఆ చోటును బట్టి ఇచ్చిన నంబర్లవి. కొత్తవాళ్లకు లెస్లీ, ఆకాంపియే, సాలికోలా జాతులు చాలు.

విత్తనాలు గసగసాల కన్నా సన్నం. ఫ్యాన్ ఆపి, మడిచిన కాగితం మీంచి మెల్లగా తట్టి చల్లాలి. పైన మట్టి కప్పకూడదు. నేను అక్టోబరు చివర్లో, వానలు వెనకబట్టి రాత్రులు చల్లబడ్డాకే వేస్తాను. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) దగ్గరికి రానివ్వను. జల్లించిన ఇటుక పొడి, ముతక ఇసుక, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుల్ల రాళ్లు, కొద్దిగా ఎర్రమట్టి కలిపి, మరిగే నీళ్లు పోసి చల్లార్చి వాడతాను. పైన పారదర్శకంగా ఉండే పార్శిల్ డబ్బా మూత పెడితే వారం, రెండు వారాల్లో మొలకలొస్తాయి. ఒక్కోటి చిన్న పచ్చటి గుండు, మధ్యలో కనీకనిపించని చీలిక, అంతే. మూత ఒక్కసారిగా తీసేయకుండా రోజూ కాసేపు తెరిచి పెడుతూ అలవాటు చేయాలి. ఎక్కువ మొలకలు పోయేది ఈ దశలోనే. ఒకటి బూజు, రెండోది తడిమట్టి మీద తిరిగే సన్న నల్లపురుగులు. వాటి పిల్లలు వేళ్లు తినేస్తాయి. పసుపు జిగురు కార్డులు, ఒక చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ నాకు మందుల కన్నా బాగా పనిచేశాయి.

డబ్బు పెట్టాల్సింది లైటు మీద. కిటికీ పక్కన పెట్టిన మొలకలు వెలుగు చాలక మెడలు సాచి పక్కకు వాలిపోతాయి, ఆ సాగుడు మళ్లీ వెనక్కి రాదు. మొక్కల కోసమే అమ్మే ఊదారంగు గ్రో లైట్లే కావాలని లేదు. మామూలు తెల్ల ఎల్ఈడీ బ్యాటెన్లు జానెడు ఎత్తులో రోజూ పన్నెండు గంటల పైనే వెలిగితే సరిపోతుంది.

చూడముచ్చటగా ఉండేది ఆకు మార్పిడి. చీలిక కొద్దిగా నోరు తెరుస్తుంది. లోపల కొత్త జత పాత జతకు అడ్డంగా తిరిగి కనిపిస్తుంది. పాత ఆకుల్లోని నీళ్లే తాగుతూ అది ఉబ్బుతుంది, పాతవి మెత్తబడి, ముడతలు పడి, చివరికి పల్చని గోధుమరంగు పొరగా ఎండిపోతాయి. ఎదిగిన మొక్కకు ఇది జరుగుతున్నంతకాలం చుక్క నీరు పోయకూడదు. పోస్తే పాత ఆకులు తగ్గవు, కొత్తవి పగిలిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్లు "పాపం, ఎండిపోతోంది" అని జాలిపడి పోసే గ్లాసు నీళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్.

మే వేడికి ఎదుగుదల ఆగుతుంది గానీ చావవు. చంపేది జులై, ఆగస్టు నెలల తేమ. అప్పుడు నీళ్లు దాదాపు బంద్, ఫ్యాన్ మాత్రం ఆగదు. రాత్రి కూడా ఉక్కపోసే విశాఖ, విజయవాడల్లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. అక్కడివాళ్లకు నేనైతే అడీనియంతోనే ఆగమంటాను.

పువ్వు రావడానికి మూడేళ్లయినా పడుతుంది. మధ్యాహ్నం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. సొంత పుప్పొడితో గింజ కట్టదు, అందుకే ఒకే జాతివి రెండు మొక్కలైనా ఉంచుకోండి. ఒకేసారి పూసినప్పుడు సన్న బ్రష్‌తో పుప్పొడి మార్చాలి. కాయ పూర్తిగా ఎండాక దాని మీద నీటి చుక్క వేయండి. అరలు విచ్చుకుంటాయి. సొంతగడ్డ మీద వాన పడగానే గింజలు చిమ్మే ఏర్పాటది. గింజల్ని కాగితంలో మడిచి పొడిగా దాచండి, తొందరేమీ లేదు, ఏళ్లు గడిచినా మొలుస్తాయి.